టమాటా తెగే కత్తి

"రాసుకో బావా. నేటి నుంచి ఈ విశాఖపట్నంలో ఏ నేరం జరగాలన్నా ముందు నరసింహమూర్తి నీడను దాటాలి. దాటలేదు. ఎందుకంటే ఆ నీడకు నిద్ర లేదు."

ఈ చారిత్రక ప్రకటన వెలువడింది కంచరపాలెంలో నా జిరాక్స్ కొట్టులో. అప్పుడు నేను ఎవరిదో ఆధార్ కార్డు రెండు వైపులా కాపీ తీస్తున్నాను. ఆ కార్డు తాలూకు మనిషి నరసింహమూర్తి నల్ల కళ్లద్దాలు చూసి, పోలీసేమోనని చేతులు కట్టుకుని నిలబడిపోయాడు.

"రాసుకోడం తర్వాత, ఏటి ప్రింట్ తియ్యాలో సెప్పు," అన్నాను.

"విజిటింగ్ కార్డు. పైన పెద్దక్షరాల్లో ‘డిటెక్టివ్ నరసింహమూర్తి’. కింద ‘రహస్యం ఏదైనా రట్టు చేయబడును’. అంచు నల్లగా ఉండాలి. చూసినోడికి గుండె జారాలి."

"నల్ల అంచు సావు కార్డుకి ఏస్తారు బావా."

"నేరానికి చావు కార్డే కదా అది," అన్నాడు. ఇలాంటి జవాబులు అతనికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. పనికొచ్చే జవాబులే దొరకవు.

నరసింహమూర్తి పోర్టు దగ్గర ఒక సరుకుల గోడౌన్‌లో టైమ్‌కీపర్. పనివాళ్లు ఆలస్యంగా వచ్చి చెప్పే అబద్ధాలు వినీ వినీ, తనలో ఒక అపరాధ పరిశోధకుడు దాగున్నాడని కనిపెట్టాడు. అతను కనిపెట్టిన వాటిలో ఇప్పటిదాకా నిలబడింది అదొక్కటే. వినాయకచవితి పందిట్లో పోయిన చెప్పుల కేసులో చెప్పులు చివరికి అతని కాళ్లకే దొరికాయి. పాల ప్యాకెట్ల కేసులో రిటైరైన హెడ్‌మాస్టరుగారిని నెల్లాళ్లు వెంబడించాడు, దొంగ పిల్లి అని తేలింది. మాకు చుట్టరికం లేదు గానీ మా రెండిళ్లకీ ఒకటే గోడ కాబట్టి బావా అంటే బావా అనుకుంటాం. నాకు స్కూటర్ ఉంది కాబట్టి అతని దృష్టిలో నేను అసిస్టెంటుని.

ఆ గోడ వల్ల నాకు తెలిసిన సంగతి ఇంకొకటుంది. అతని భార్య రోజారమణి చెల్లెలి పురుడికని శ్రీకాకుళం వెళ్లినప్పటి నుంచీ బావ రాత్రుళ్లు నిద్రలో అరుస్తున్నాడు. ఆవిడ ఉంటే మోచేత్తో ఒకటి పొడిచేది, ఆగేది. ఇప్పుడు పొడిచేవాళ్లు లేరు. గోడ అవతల నుంచి మాటలు తెలిసేవి కావు గానీ అరుపు మాత్రం బాగా తెలిసేది. ఎవరో హంతకుడిని తరుముతున్నాడనుకుని నేను దిండు చెవి మీద పెట్టుకునేవాణ్ణి.

అసలు కథ అతని కూతురు నీలిమది. ఆ పిల్ల హోటల్ మేనేజ్‌మెంట్ చదివింది. కిందటి వానాకాలంలో ఒక పెద్ద హోటల్ వాళ్లు, కిచెన్‌లో ఒకపూట పనిచేసి చూపించు, బాగుంటే ఉద్యోగమిస్తాం, నీ కత్తి నువ్వే తెచ్చుకో అన్నారు. వంటవాడికి సొంత కత్తి ఉండాలట. ఆ కత్తిని నేను ఎంపిక చేస్తానని బావ బయల్దేరి, అద్దంలా మెరిసేది ఒకటి తెచ్చాడు. దాంట్లో చూసుకుంటూ మీసం దువ్వుకోవచ్చు. కొయ్యడం ఒక్కటే దానికి రాదు. అక్కడ నీలిమకు టమాటాలిచ్చి చక్రాల్లా తరగమన్నారు. కత్తి కింద టమాటా నలిగింది, రసం కారింది, తెగలేదు. మధ్యాహ్నానికే పిల్ల ఇంటికొచ్చేసింది.

ఆ కత్తి గురించి బావ ఆనాటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. ఏ విషయం మీదైనా గంటసేపు మాట్లాడగల మనిషి ఒక్క కత్తి మీద మాట్లాడకపోవడం నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను.

ఇప్పుడు బీచ్ రోడ్డులో ఇంకో హోటల్ వాళ్లు శనివారం రమ్మన్నారు. నీలిమ ఈసారి పిల్లలకు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో తన కత్తి తానే కొనుక్కుంటానంది.

"నాన్నా, నువ్వు రావొద్దు," అని కూడా అంది.

"నేను రావడం లేదు తల్లీ," అన్నాడు బావ, మరీ తొందరగా.

ఆ బుధవారం నీలిమ బస్సెక్కగానే నా స్కూటర్ వెనక కూర్చుని భుజం తట్టాడు. "ఆ బస్సుని ఫాలో అవ్వు. దూరం పాటించు. మనం ఉన్నట్టు సబ్జెక్టుకి తెలియకూడదు." బస్సు కిటికీలోంచి సబ్జెక్టు మాకు చెయ్యి ఊపింది.

పూర్ణా మార్కెట్ పక్క సందులో ఆ కొట్టుంది. గిన్నెలు, గరిటెలు, కత్తులు. కొట్టాయన గోదావరి వైపు మనిషి, ప్రతి మాటకీ చివర ‘అండీ’ తగిలిస్తాడు. నీలిమ అడిగిన కత్తులన్నీ కౌంటర్ మీద వరసగా పేర్చాడు. మేం గిన్నెల వెనక దాక్కున్నాం. బావ దాక్కోవడం కూడా నాలుగు గిన్నెలు పడేసి దాక్కుంటాడు. దాంతో బయటికి రాక తప్పలేదు.

"ఈ కత్తి మొన చూడండి," అన్నాడు బావ ఒక పొడుగు కత్తి అందుకుని. "దీంతో సుమారు నా అంత మనిషిని పొడిస్తే గాయం ఎంత లోతుంటుంది?"

కొట్టాయన ఒకడుగు వెనక్కి వేశాడు. "మేం కూరగాయల వరకే గ్యారంటీ ఇస్తామండీ."

"పిడి మీద వేలిముద్రలు నిలుస్తాయా?"

"తుడిస్తే పోతాయండీ."

"చూశావా బావా, తుడిస్తే పోతాయని అడక్కుండానే చెప్పాడు. ఇతను మామూలు మనిషి కాడు."

నీలిమ ఇదేమీ పట్టించుకోలేదు. ఒక్కో కత్తినీ పిడి దగ్గర బొటనవేలితో, చూపుడువేలితో పట్టి చూస్తోంది. కొన్నిటికి బరువంతా పిడిలోనే ఉంది, కొన్నిటికి మొనలో ఉంది. పట్టుకోగానే మణికట్టు వంగిపోతే పక్కన పెట్టేస్తోంది. చివరికి సంచీలోంచి టిఫిన్ బాక్సు తీసింది. మూత తీస్తే లోపల మెత్తగా పండిన టమాటాలున్నాయి.

అది చూడగానే బావ దగ్గాడు. దగ్గుతూ వీధి వైపు తిరిగిపోయాడు.

ఒక మెరిసే కత్తి టమాటాకి సొట్ట పెట్టింది. ఇంకోటి తొక్క మీద జారింది. వరసలో అన్నిటికన్నా అనాకారిగా, నల్లగా మాడినట్టున్న కత్తి ఒకటుంది. నీలిమ దాన్ని టమాటా మీద ఆనించి వెనక్కి లాగింది. నొక్కలేదు. టమాటా రెండు ముక్కలై ఒక గింజ కూడా చెదరకుండా పడుకుంది.

"ఇదేనండీ," అంది నీలిమ. ఆ పిల్ల మొహం అంత వెలుగుతుందని నాకు అప్పుడే తెలిసింది.

"మంచి చెయ్యమ్మా మీది. పని తెలిసినవాళ్లే దీన్ని అడుగుతారు," అన్నాడు కొట్టాయన. "కానీ ఒక సంగతండీ. ఇది కార్బన్ స్టీలు. అంటే అసలైన ఇనుమన్నమాట. తడి తగిలితే తుప్పు పట్టేస్తుంది. కొయ్యగానే తుడిచెయ్యాలి, ఓ చుక్క నూనె రాసి గుడ్డలో చుట్టాలి. ఇంకో ముక్కండీ, ఇది ఒక్కటే ఉంది. మళ్లీ వచ్చే నెలే సరుకు."

బావకి మాట తిరిగొచ్చింది. "స్టీల్ ప్లాంట్ ఉన్న ఊళ్లో తుప్పట్టే కత్తి అమ్ముతన్నావా? దీని వెనకాల పెద్ద తలకాయలున్నాయి."

నీలిమ చెయ్యి చాచింది. కొట్టాయన ఇవ్వలేదు, కత్తిని కౌంటర్ మీద పెట్టాడు. "చేతికివ్వకూడదమ్మా, తగూలొస్తాయి. పెట్టాను, తీసుకోండి."

ఇంటికొచ్చాక బావ తల్లి వరహాలమ్మత్త ఆ కత్తిని తిప్పి తిప్పి చూసింది. "ఏటే ఇంత నల్లగుంది? వాసన కూడా ఏస్తంది."

"ఇనుము వాసన మామ్మా. అసలైన ఇనుము. తడి తగిల్తే తుప్పట్టీస్తాది, నువ్వు మాత్రం ముట్టుకోవద్దు."

"అసలైన ఇనుమేనా?" అని అత్త ఇంకోసారి అడిగింది. "ఈ రోజుల్లో ఇంట్లో ఇనప వస్తువే నేదు. అన్నీ స్టీలూ ప్లాస్టిక్కూ." ముసలివాళ్లు పాత కాలాన్ని తలుచుకోవడం మామూలే కదా అని నేను కాఫీ తాగి వచ్చేశాను.

గురువారం పొద్దున్న గోడ అవతల నుంచి ఫోనొచ్చింది.

"బావా, ఎక్కడున్నావ్?"

"గోడకి ఇవతలే."

"వెంటనే బయల్దేరు. ఎవరూ చూడకుండా రా. శతాబ్దపు నేరం జరిగింది."

కత్తి లేదు. వంటగదిలో అరలన్నీ ఖాళీ చేసి, డబ్బాల మధ్య నేల మీద కూర్చునుంది నీలిమ. తుడిచిన పళ్లేన్నే మళ్లీ మళ్లీ తుడుస్తోంది. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండుననిపించింది నాకు.

బావ మాత్రం మంచి ఊపులో ఉన్నాడు. వేలిముద్రల కోసం గట్టు మీద వరిపిండి చల్లాడు. తల్లి పంచాంగం చూసుకునే భూతద్దం పట్టుకుని నేల మీద పాకుతున్నాడు.

"ఒరే, అట్టుకి ఉంచిన పిండిరా అది," అంది అత్త.

"అమ్మా, క్రైమ్ సీన్‌లో మాట్లాడకూడదు." లేచి మోకాళ్లు దులుపుకుని నా వైపు తిరిగాడు. "విను బావా. గడియ విరగలేదు. కిటికీ ఊచ వంగలేదు. అంటే దొంగ లోపలికి రాలేదు. లోపలికి రాకుండానే కత్తి పట్టుకుపోయాడంటే వాడు అసాధ్యుడు."

"మరైతే కత్తి బయటికి ఎల్లుండదు, ఇంట్లోనే ఉండుంటాది," అన్నాను.

అతను జాలిగా నవ్వాడు. "నీకు జిరాక్సే కరెక్టు బావా. ఉన్నదే మళ్లీ తీస్తావు."

అప్పుడు నీలిమ లేచింది. "నాన్నా, నాకు కేసు వద్దు. కత్తి కావాల. శనివారం ఎల్లాల నాను. ఈసారి కూడా ఎనక్కొచ్చీస్తే మరెవరూ పిలవరు."

బావ నల్లద్దాలు తీశాడు. "తెత్తాను తల్లీ," అన్నాడు. అది డిటెక్టివ్ గొంతు కాదు. కానీ అరనిమిషంలో అద్దాలు మళ్లీ ఎక్కాయి.

అనుమానితురాలు కూడా తొందరగానే దొరికింది. మా వీధికి చేపలు తెచ్చే నూకాలు బుధవారం సాయంత్రం వాకిట్లో గంప దించినప్పుడు, నీలిమ కొత్త కత్తితో ఒక వంజరం ముక్క కోసి చూసింది. నూకాలు బుగ్గ మీద వేలేసుకుని, ‘ఈ కత్తి నాకిచ్చీ అమ్మీ, ఈదంతా నాదే’ అని నవ్వింది. గురువారం రాలేదు. శుక్రవారమూ రాలేదు.

"పరారీలో ఉంది," అన్నాడు బావ. "కత్తి మీద కన్నేసింది, ఆ మర్నాటి నుంచి అదృశ్యం. చెయిన్ పూర్తయింది బావా."

"ఏదైనా పనుండి రాలేదేమో."

"పరారీ అన్నది పని కాదా?"

శుక్రవారం సాయంత్రం అతని పడకగది ‘కంట్రోల్ రూమ్’ అయింది. తలుపుకి నవతాళ్ తాళంకప్ప వేసి తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. ఇంట్లో ఏసీ ఉన్న గది అదొక్కటే. మంచం కింద అతను జీవితమంతా కొన్న నేర సాహిత్యం అట్టపెట్టెల్లో కుక్కి ఉంటుంది. గది మధ్యలో బూరుగుదూది పరుపు, దాని మీద అతని మేధస్సు.

"ఒక చిత్రం చెప్పనా బావా," అన్నాడు. "బుధవారం రాత్రి నుంచీ హాయిగా నిద్ర పడుతోంది. పడుకుంటే తెల్లారిపోతోంది. కేసు చేతిలో ఉంటే డిటెక్టివ్ మెదడు ప్రశాంతంగా ఉంటుందని ఎక్కడో చదివాను."

నిజమే. గోడ అవతల అరుపు లేదు. నేనూ హాయిగానే పడుకుంటున్నాను.

అత్త ఆ తలుపు చుట్టూ తిరుగుతోంది. "ఒరే, రేపు పొద్దున్న ఆ తాళంచెవి ఇయ్యి. శనివారం, గది తుడుసుకోవాల."

"కంట్రోల్ రూమ్‌లోకి బయటివాళ్లకి ప్రవేశం లేదమ్మా."

"నాను బయటిదాన్నేటిరా, నిన్ను కన్నదాన్ని."

ఆవిడ వెళ్లాక బావ నా చెవిలో అన్నాడు, "మా అమ్మ కదలికలు గమనించావా? ఆ తలుపు వైపే చూస్తోంది. ముఠావాళ్లు ఆవిడని బెదిరిస్తున్నట్టున్నారు. పాపం, చెప్పుకోలేకపోతోంది." మనిషి సత్యానికి అంత దగ్గరగా వెళ్లి అంత శుభ్రంగా తప్పుకోవడం నేను మళ్లీ చూడలేదు.

శనివారం ఇంకా తెల్లారకముందే, ఇంట్లో ఎవరూ లేవకముందే, గది తాళం వేసి నన్ను లేపాడు. ఫిషింగ్ హార్బర్‌లో నూకాలుని పట్టుకుంటామట. వర్షం లేకపోయినా రెయిన్‌కోటు తొడిగాడు. చీకట్లో నల్లద్దాలు పెట్టాడు. స్కూటర్ దిగిన వెంటనే ఐసు మీద కాలేసి, ఎవరిదో వలల గుట్టలో కూర్చున్నాడు.

హార్బర్‌లో అప్పటికే మధ్యాహ్నమంత హడావిడి. బోట్ల నుంచి చేపలు దిగుతున్నాయి, ఐసు దంచుతున్నారు, వేలం పాటలు అరుస్తున్నారు. ఒక వారగా ఆడవాళ్లు బారుగా కూర్చుని కత్తిపీటల మీద చేపలు కోస్తున్నారు.

బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "బావా, ఇక్కడ అందరి దగ్గరా ఆయుధాలున్నాయి. మనం ముఠా గుహలోకి వచ్చీసేం."

అప్పుడు కనిపించింది నూకాలు, ఒక వేలం గుంపులో. బావ నన్ను అవతలి వైపు నుంచి చుట్టి రమ్మని చెయ్యెత్తి సైగ చేశాడు. నాకు అర్థం కాలేదు. ఇంకా పైకెత్తి ఊపాడు. రెండు చేతులూ ఎత్తాడు. వేలం వేసేవాడు అతని వైపు వేలు చూపించి ఏదో గట్టిగా అరిచాడు. గుంపు విడిపోయింది. ఐసుతో నిండిన పెద్ద ప్లాస్టిక్ పెట్టె ఒకటి బావ కాళ్ల దగ్గరకి జారుకుంటూ వచ్చి ఆగింది. నిండా కానాగంత చేపలు.

"ఇదేటి?" అన్నాడు బావ.

"నువ్వు పాడుకున్నావు," అన్నాను. డబ్బులు నేను కట్టాను. అసిస్టెంటు పనుల్లో అదొకటి.

ఈ గోలకి నూకాలే మా దగ్గరకొచ్చింది. "ఏటి బాబూ, సేపల యాపారం మొదలెట్టినావా?"

"నూకాలూ, నాటకాలు చాలు. బుధవారం రాత్రి నువ్వెక్కడున్నావు? మా నీలిమ కత్తి ఎక్కడ దాచావు?"

నూకాలు అతన్ని, రెయిన్‌కోటునీ, పెట్టెనీ వరసగా చూసింది. "మా ఆడపడుసు కూతురు పెద్దమనిసైతే ఎల్లినాను బాబూ, నిన్ననే వచ్చినాను. నాకా కత్తెందుకు? నిలబడి కోసే కత్తి అది. నాను కూకుని కోసేదాన్ని. సరదాకన్నాను." అని ఒక్కసారి ఆగింది. "ఉండు, అమ్మికి కత్తి దొరకనేదా? ఇయ్యాలే కదా ఎల్లాల ఆ పిల్ల?"

ఆ పొద్దున్న మొట్టమొదటిసారి బావ భుజాలు దిగిపోయాయి.

తిరుగుప్రయాణంలో పెట్టె మా ఇద్దరి మధ్యా ఉంది. రైలు గేటు దాటుతుండగా అతనికి గుర్తొచ్చింది. "బావా, ఇయ్యాల శనివారం. ఇంట్లోకి సేపలు రానీదు మా అమ్మ."

"మా ఇంట్లో పెట్టు. మాకు పట్టింపు నేదు."

"వద్దు. ఇది మెటీరియల్ ఎవిడెన్స్. నా కస్టడీలో ఉండాలి."

అత్త పెరట్లో తులసికి నీళ్లు పోస్తుండగా దొంగలా దూరి, పెట్టెని కంట్రోల్ రూమ్‌లోకి చేరవేశాడు. మంచం కింద చోటు లేదు. నేల మీద పెడితే పాల కేసులోని పిల్లి ఉంది. ఐసు కరక్కుండా ఏసీ పెట్టి, పెట్టెని మంచం మీద పరుపు మధ్యలో కూర్చోబెట్టి, తాళం వేశాడు.

హాల్లోకి వచ్చేసరికి నీలిమ తయారై నిలబడుంది. తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంది. చేతిలో గుడ్డలో చుట్టిన కత్తి. పాతది, మెరిసేది.

"దొరికిందా నాన్నా?"

బావ గొంతు సవరించుకున్నాడు. మనిషికి భయమేసినప్పుడు అలవాటైన పనే చేస్తాడు కదా. బావ ప్రసంగం మొదలెట్టాడు.

"అందరూ కూర్చోండి. ఈ గదిలో ఉన్నవాళ్లలోనే ఒకరికి నిజం తెలుసు. నేరస్థుడు ఎంత తెలివైనవాడైనా ఒక్క ఆధారం వదుల్తాడు. ఆ ఆధారం..."

"ఒరే, తాళంచెవి ఇయ్యి," అంది అత్త లోపలికొచ్చి.

"అమ్మా, నేను నేరస్థుడి పేరు చెప్పబోతున్నాను."

"తర్వాత సెప్పుకో. ముందు తాళమియ్యి. పిల్లకి టైమైపోతంది." అని ముక్కు ఎగబీల్చింది. "ఏటీ నీసు వాసన? శనివారం పూట సేపలు తెచ్చినావేటిరా?"

బావ నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

"కొంచెమే అమ్మా. గదిలో ఎట్టినాను. ఐసు పెట్టె. మంచం మీద."

"మంచం మీదా?" అత్త చేతిలో చెంబు కింద పడింది. "ఐసు కరిగి నీల్లు పరుపులోకి దిగిపోతాయిరా నాయనా. కత్తి తుప్పట్టీడమే ఇంకేటుంది."

అనేసి రెండు చేతుల్తో నోరు మూసుకుంది.

నీలిమా నేనూ ఆవిడ వైపు తిరిగాం. బావ మాత్రం ఆగలేదు. "మధ్యలో అడ్డురాకమ్మా, తుప్పు సంగతి తర్వాత చూద్దాం. ఎక్కడున్నాను? ఆ, నేరస్థుడు..."

నీలిమ అప్పటికే తండ్రి మొలతాడుకున్న తాళంచెవిని దారంతో సహా తెంపుకుని పరిగెత్తింది. పరుపు ఒక పక్క తడిసి ముద్దయింది. తలగడ వైపు ఎత్తితే అక్కడుంది పొట్లం. పైన పాల ప్యాకెట్ల కవరు, లోపల అత్త పాతచీర ముక్క, దాని లోపల నువ్వులనూనెలో ముంచిన గుడ్డ. విప్పితే నల్లని కత్తి, ఒక్క మచ్చ లేకుండా.

"మామ్మా," అంది నీలిమ.

అత్త గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. "పీడకలలొత్తే తలకింద ఇనుమెట్టాలమ్మా. అసలైన ఇనుమయితేనే పనిసేత్తాది. మూడు రాత్రులు. పడుకున్నోడికి తెలియకూడదు, సెప్తే పోతాది. ఇయ్యాల పొద్దున్న తీసి నీకిచ్చీదామనే అనుకున్నాను నాను. ఈడు తాళమేసుకుని పోనాడు. నీ కత్తికి తడి తగలకుండా సుట్టినానే, నువ్వు సెప్పినట్టే."

"నాన్నకి పీడకలలేటి మామ్మా?"

"రోజూ. నీయమ్మ ఎల్లినకాడి నుంచీ మరీని. నిద్దట్లో ఏడుత్తాడే. ‘టమాటా తెగట్నేదు, టమాటా తెగట్నేదు, అమ్మాయిని పంపించీకండి’ అని. నువ్వు తలుపేసుకుని పడుకుంటావు, నీకు ఇనపడదు. ఆ కత్తి తాను కొనబట్టే నీకు ఉద్యోగం పోయిందని ఈడి బెంగ."

నేను గోడ అవతల విని, హంతకుడనుకున్నది టమాటా. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోవడం దేనికి.

బావ నిలబడిపోయాడు. నల్లద్దాలు ఎప్పుడు తీశాడో తెలీదు. అతని నోట్లోంచి మాట రాకపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు, అందుకని ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు.

నీలిమ వంటగదిలోకి వెళ్లి ఒక టమాటా తెచ్చింది. బల్ల మీద చెక్క పెట్టి, టమాటా పెట్టి, పక్కనే నల్ల కత్తి పెట్టింది. చేతికివ్వలేదు.

"కొయ్యి నాన్నా."

"నానా? నీకు టైమైపోతంది."

"మావయ్య స్కూటర్ ఉంది. కొయ్యి. నొక్కొద్దు, లాగు చాలు."

బావ కత్తి తీసుకున్నాడు. టమాటా మీద ఆనించి లాగాడు. టమాటా చక్రంలా విడిపోయి పక్కకి ఒరిగింది. ఇంకోసారి లాగాడు. ఇంకో చక్రం. ఆ పల్చటి ముక్కని వేలితో ఎత్తి వెలుగుకి పెట్టి చూశాడు.

"తెగింది," అన్నాడు.

"మంచి కత్తి నాన్నా. అంతే. ఆవేళది మంచిది కాదు, అంతే." నీలిమ కత్తి తుడిచి, నూనె గుడ్డలో చుట్టి, సంచీలో పెట్టుకుని నా స్కూటర్ ఎక్కింది. గోపాలపట్నం నుంచి వచ్చే బస్సుల మధ్య నుంచి బీచ్ రోడ్డుకి నేనెలా పోయానో నాకే తెలీదు. హోటల్ గేటు దగ్గర దింపితే వెనక్కి చూడకుండా లోపలికి పోయింది.

ఆ పగలంతా బావ నా కొట్టులో స్టూలు మీద కూర్చున్నాడు. ఒక్క కేసు ఊసెత్తలేదు. ఎవరో పెళ్లి శుభలేఖలు వేయించుకోవడానికొస్తే పెళ్లికొడుకు మీద అనుమానం కూడా వ్యక్తం చెయ్యలేదు. సాయంత్రం ఫోన్ మోగితే తియ్యడానికి భయపడి నాకిచ్చాడు. నేను స్పీకర్ పెట్టాను.

"నాన్నా, ఏటిచ్చారో తెలుసా? టమాటాలే. పెట్టెడు."

బావ స్టూలు అంచుకి జరిగాడు.

"అన్నీ తరిగీసేను. సోమవారం నుంచి రమ్మన్నారు."

బావ స్టూలు మీద నుంచి లేచి, జిరాక్స్ మెషీన్ వైపు తిరిగి చాలాసేపు దాని మూత తుడిచాడు. మూత శుభ్రంగానే ఉంది.

కానాగంతలు మా ఇంటికే వచ్చాయి. రెండు పూటలు తిన్నాం, నూకాలుకి కూడా ఒక గిన్నె పంపాం. ఆ రాత్రి పరుపు ఆరలేదని బావ నేల మీద పడుకున్నాడు. తలకింద ఇనుము లేదు. కత్తి నీలిమ సంచీలో ఉంది. గోడ అవతల ఎంతసేపు విన్నా చప్పుడు లేదు. పొద్దున్న అత్త, ఇనుము మహిమ ఇంకా మిగిలుందని వీధందరికీ చెప్పింది. బావ, నేర పరిశోధన మహిమ అని చెప్పాడు.

సోమవారం కొట్టు తెరవగానే వచ్చేశాడు. నల్లద్దాలు, ఛాతీ విరుపు, అన్నీ మామూలే.

"బావా, కేసు ఎలా ఛేదించానో గమనించావా? ఐసు పెట్టె మంచం మీద పెట్టడం యాదృచ్ఛికం అనుకుంటున్నావు కదా. అది ఎత్తు. నేరస్థురాలి నోటితోనే నిజం చెప్పించే ఎత్తు. కార్డులు ఎంతవరకొచ్చాయి?"

నల్ల అంచుతో తీసిన నమూనా చూపించాను. తల పంకించి చదివాడు. ‘డిటెక్టివ్ నరసింహమూర్తి. రహస్యం ఏదైనా రట్టు చేయబడును’.

"బానే ఉంది," అన్నాడు. కొంచెంసేపు కార్డుని అటూ ఇటూ తిప్పాడు. గొంతు తగ్గించాడు. "కింద చిన్నక్షరాల్లో ఇంకో లైను పడతాదేటి?"

"పడతాది. ఏటి వెయ్యమంటావ్?"

"‘కత్తులు కొనాలంటే మా అమ్మాయిని అడగవలెను’ అని వెయ్యి," అన్నాడు.

వేశాను. ఆ ఒక్క లైనూ పైవాటికన్నా పెద్దక్షరాల్లో వేశాను. అతను నల్లద్దాలు తీసి ఆ లైను ఇంకోసారి చదివి, కార్డుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.